ఒక్క రోజులో సైకిలు, పడవ, వాలీబాల్: కోనసీమలో మార్చి నెల

మనాలి లాంటి కొండ ఊళ్ళలో వసంతం వచ్చాక పొద్దున పైన మంచు మీద స్కీయింగు చేసి, మధ్యాహ్నం కింద లోయలో సైకిలు తొక్కుతారు. 1000 మీటర్లు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది కాబట్టి ఒకే రోజు రెండు కాలాలు దొరుకుతాయి. మన డెల్టాలో ఎక్కడానికి ఎత్తే లేదు. అయినా ఒక్క రోజులో మూడు ఆటలు హాయిగా పడతాయి. వాళ్ళకి ఎత్తు చేసిపెట్టే పని ఇక్కడ పూట చేస్తుంది. గాలి ఎప్పుడు తిరుగుతుంది, పోటు ఎప్పుడు వస్తుంది, ఎండ ఎప్పుడు ముదురుతుంది అన్న మూడూ చూసుకుని ఆటల వరస పెట్టుకోవాలి. వరస తప్పితే అదే రోజు ఒళ్ళు హూనమవుతుంది.

ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి మూడో వారం దాకా దీనికి మంచి అదను. జనవరిలో గట్ల మీద మంచు కమ్ముకుని ఎదురొచ్చే ట్రాక్టరు కనపడదు. ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు, ఎండ కూడా ఓర్చుకోలేం. మార్చిలో దాళ్వా (రెండో పంట వరి) చేలు ఇంకా పచ్చగా, కాలవలు నిండుగా ఉంటాయి.

అమలాపురం నుంచి అల్లవరం మీదుగా ఓడలరేవు దారి తీసుకుందాం. సుమారు 20 కిలోమీటర్లు, దాదాపు దక్షిణంగా. రాత్రి నేల చల్లబడటం వల్ల తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు సన్నగా వీస్తుంది. పదకొండు దాటి నేల కాలాక అది తిరగబడి సముద్రం మీంచి లోపలికి కొడుతుంది, సాయంత్రం దాకా వదలదు. అంటే పొద్దున సముద్రానికి వెళ్ళి సాయంత్రం ఊరికి వస్తే రెండు సార్లూ గాలి వీపునే ఉంటుంది. దీన్ని తిరగేసి, సముద్రం దగ్గర బస చేసి పొద్దున ఊళ్ళోకి, సాయంత్రం వెనక్కి తొక్కేవాళ్ళకి రెండు పూటలా ఎదురుగాలే.

ఆరింటికి బయలుదేరండి. మార్చి మొదట్లో సూర్యోదయం 6:20 ప్రాంతంలో, కాబట్టి మొదటి అరగంట లైట్లు ఉండాలి. కాలవ గట్టు మీద కొంత తారు, కొంత గ్రావెలు, కొంత ఉత్త మట్టి. 25 మిల్లీమీటర్ల సన్నటి టైర్లతో ఈ దారికి రావద్దు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైరులో 45–50 పీయస్సై గాలి సరిపోతుంది. అంతకన్నా గట్టిగా కొడితే గులకరాళ్ళ మీద చక్రం ఎగిరి చేతులు తిమ్మిరెక్కుతాయి. మామూలు పాత సైకిలైతే ఇంకా మంచిది, దాని టైరు ఈ గట్ల కోసమే పుట్టినట్టుంటుంది.

చదును నేలలో దిగుడు ఉండదు, అందువల్ల కాళ్ళకి విశ్రాంతి దొరకదు. కూర్చున్న భంగిమ మారకపోవడం వల్ల నొప్పులు వస్తాయి. పావుగంటకోసారి పెడళ్ళ మీద నిలబడి ఇరవై సెకన్లు తొక్కండి. సీటు ఎత్తు చూసుకోవడం తేలిక: సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెట్టి కిందికంటా తొక్కితే కాలు నిటారుగా రావాలి. మోకాలు వంగి ఉంటే సీటు తక్కువైందని. తుంటి పక్కకి జారితే ఎక్కువైందని.

సముద్రం దగ్గరపడేకొద్దీ సర్కారు తుమ్మ ముళ్ళు మొదలవుతాయి. పంచరైతే ట్యూబుకి అతుకేసి అక్కడితో ఆపేయకండి, ముల్లు టైరులోనే ఉండిపోతే అరకిలోమీటరులో మళ్ళీ దిగిపోతుంది. టైరు లోపలి వైపంతా వేళ్ళతో మెల్లగా తడిమి, తగిలిన ముల్లుని వెనక్కి తోసి లాగెయ్యాలి. తరవాత ట్యూబు మీద ఉప్పుకాగితంతో గరుకు చేసి, సొల్యూషను పలచగా పూసి, అయిదు నిమిషాలు ఆరనివ్వాలి. తడిగా ఉండగా అంటించిన అతుకు ఎండలో లేచిపోతుంది, చాలామంది తొందరపడేది ఇక్కడే.

ఏడున్నరకల్లా ఓడలరేవు చేరతారు. ఇక పడవ. ఇక్కడ గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలుస్తుంది కాబట్టి నీళ్ళు రోజుకి రెండుసార్లు లోపలికి తన్నుతాయి (పోటు), రెండుసార్లు తీస్తాయి (పాటు). పోటుతో ఏటిలో పైకి వెళ్ళి, పాటుతో తిరిగి రావాలి. దానికోసం తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య నిండు పోటు పడే రోజునే ఎంచుకోండి. పోటు వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, పదిహేను రోజులకి ఇంచుమించు అదే వేళకి వస్తుంది. ఒక తేదీ కుదిరితే రెండు వారాల తరవాతిదీ తెలిసిపోయినట్టే. కాకినాడ రేవుకి లెక్కగట్టిన వేళలు దొరుకుతాయి గాని, ఏటిలో పైకి వెళ్ళేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది. ముందురోజు రేవులో వేటకి వెళ్ళేవాళ్ళని అడగడమే అన్నిటికన్నా నమ్మకం. పున్నమి, అమావాస్యల దగ్గర నీటి వడి ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. కొత్తవాళ్ళు అష్టమి దగ్గర్లో కుదిరే రోజునే వెళ్ళండి, అప్పుడు ఆ వేళకి పోటు పడకపోతే పొద్దున సైకిలు మానేసి పడవని ఇంకా పెందలాడే పెట్టుకోవచ్చు.

పడవ మనిషి లేకుండా మీరే నడపడానికి దిగకండి. ఆయన్ని వెనక ఉంచి, ఇద్దరు తెడ్లు పట్టుకోండి. తెడ్డు చేతులతో లాగితే అరగంటలో భుజాలు పడిపోతాయి. నడుము తిప్పుతూ, కాళ్ళు పడవ అడ్డకర్రకి తన్నిపెట్టి లాగాలి. లోతు తక్కువ చోట గెడ (పడవని తోసే పొడుగాటి కర్ర) వేయడం నేర్చుకోండి, మూడింటిలోనూ మాకు బాగా నచ్చేది అదే. గెడని పడవ పక్కనే నిటారుగా దింపి, అడుగు తగిలాక వెనక్కి తోస్తూ చేతులు పైకి పాక్కుంటూ వెళ్ళాలి. తీసేటప్పుడు నేరుగా లాగకుండా కాస్త మెలిపెట్టి లాగితే బురద వదులుతుంది. వదలకపోతే గెడని వదిలెయ్యండి. పట్టుకుని వేళ్ళాడితే పడవ ముందుకి పోతుంది, మనిషి గెడతోపాటు ఏట్లో మిగిలిపోతాడు. వెనక తెడ్డు ఉంటుంది, మెల్లగా వచ్చి గెడ తీసుకోవచ్చు.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి పైకి వస్తే పట్టీలు వదులుగా ఉన్నట్టు.

మొగ వైపు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి వెళ్ళొద్దు. పాటు నీరు బయటికి పోతుండగా సముద్రపు గాలి ఎదురు కొట్టిందంటే అక్కడ అలలు కురచగా, నిటారుగా లేస్తాయి, చిన్న పడవ తట్టుకోదు. అందుకే పదిన్నరకల్లా ఒడ్డున ఉండాలి. మొగ దగ్గర ఈత కూడా వద్దు, ఎంత బాగా ఈదేవాళ్ళయినా సరే. ఇసక మేటలు చోటు మారుతుంటాయి, నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ గుండం ఉండొచ్చు. ఈ విషయంలో మాకు రెండో మాట లేదు.

పదకొండు నుంచి మూడున్నర దాకా నీడ పట్టునే ఉండండి. ఈ నాలుగున్నర గంటల్ని వృథా అనుకుని ఇంకో ఆట ఇరికించేవాళ్ళే సాయంత్రం కాళ్ళు పట్టేసి ఆటోలో వస్తారు. కొబ్బరి నీళ్ళు మంచివే, అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా ఉప్పు. కాబట్టి బొండంతో పాటు ఉప్పు మజ్జిగ కూడా తాగాలి. బాగా నీరసపడినవాళ్ళకి లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. మధ్యాహ్నం పెరుగన్నం చాలు, బిర్యానీ తిని ఇసకలో ఎగరలేరు.

నాలుగింటికి వాలీబాల్. ఇసక కోర్టు 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, నెట్టు మగవాళ్ళకి 2.43, ఆడవాళ్ళకి 2.24 మీటర్లు. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి. పడమటి ఎండ ఎవరి కళ్ళలోనూ పడదు. గాలి మాత్రం పొడవునా వీస్తుంది, అందుకే పాయింట్ల మొత్తం ఏడు అయినప్పుడల్లా పక్కలు మారాలి. సముద్రానికి ఎదురుగా సర్వీసు చేసేటప్పుడు గట్టిగా కొట్టొచ్చు, గాలి బంతిని లోపలే దింపుతుంది. గాలి వీపున ఉన్నప్పుడు అదే దెబ్బ లైను దాటిపోతుంది.

నెట్టు కట్టే సరుగుడు బాదులు ఇసకలో వట్టిగా నిలబడవు, రెండు సెట్లకే నెట్టు జారిపోతుంది. ఎరువుల సంచిలో ఇసక నింపి, సంచి నడుముకి తాడు కట్టి, రెండడుగుల గొయ్యిలో అడ్డంగా పాతి, నీళ్ళు పోసి తొక్కి, తాడు రెండో కొస బాదుకి బిగించండి. ఒక్కో బాదుకి అలాంటివి రెండు. మేకులు కొట్టడం కన్నా ఇది ఎంతో గట్టిగా ఉంటుంది. ఊళ్ళో ఆడే బంతినే తెచ్చుకుంటే కాస్త గాలి తీసెయ్యండి. లోపల ఆడే బంతికి నాలుగున్నర పీయస్సై దాకా ఉంటుంది, ఇసక మీద మూడు ప్రాంతంలో ఉండాలి. ఆటకి ముందు అందరూ వరసగా నడిచి సరుగుడు కాయలు, గవ్వ పెంకులు, సీసా ముక్కలు ఏరెయ్యాలి. ఉత్త కాళ్ళతో ఆడే ఆట ఇది.

అయిదుంబావుకి ఆపేసి సైకిలెక్కండి. గాలి వెనక నుంచి తోస్తుంది, పొద్దుటి కన్నా తేలిగ్గానే ఊరు చేరతారు. వెనక ఎర్ర లైటు సూర్యాస్తమయానికి ముందే వెయ్యండి, కొబ్బరి తోటల నీడలో చీకటి ముందే పడుతుంది. ఇంటికి రాగానే, స్నానానికన్నా ముందు, సైకిలు గొలుసుని మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వెయ్యండి. ఉప్పు ఇసకతో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి గొలుసు మీద తుప్పు తేలుతుంది.