పెద్దలకి సరిపోయే పూల్ నీళ్లు పిల్లలకి సరిపోవు

సంక్రాంతి చలిలో పొద్దున్నే ఆరింటికి విజయనగరంలో పిల్లల్ని పూల్‌లో దించుతున్న అమ్మానాన్నలకి ఒక మాట. పోటీల పూల్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. అది ఆగకుండా ల్యాపులు కొట్టేవాళ్ల లెక్క. గోడ పట్టుకుని కాళ్లాడించే ఐదేళ్ల బుడ్డోడికి అవే నీళ్లు వణుకు పుట్టిస్తాయి. వాడి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, ఒంట్లో కొవ్వు తక్కువ; పైగా నీళ్లు గాలి కంటే చాలా వేగంగా వేడిని లాగేస్తాయి. నేర్చుకునే పిల్లలకి 29 నుంచి 32 కావాలి.

థర్మామీటరు ఒక అడుగు లోతున, నీళ్లొచ్చే పైపుకి దూరంగా, రెండు నిమిషాలు ఉంచి చూడండి. పైపైన ముంచితే ఎండపూట తప్పు చెప్తుంది. 27 కంటే తగ్గితే క్లాసు 20 నిమిషాలు చాలు. పెదాలు నీలంగా మారినా, పళ్లు కొట్టుకున్నా వెంటనే బయటికి తీసి, తుడిచి, పొడి బట్టలు వెయ్యాలి. "ఈదితే వాడే వేడెక్కుతాడు" అనే కోచ్ మాట వినకండి.

పూల్ నడిపేవాళ్లు హీటరు కంటే ముందు పూల్ మీద కప్పే కవరు కొనాలి. వేడి ఎక్కువగా పోయేది ఆవిరి రూపంలోనే.

మే నెలలో కథ తిరగబడుతుంది. నీళ్లు 31 దాటితే గట్టిగా ఈదేవాళ్లకి తల తిరగొచ్చు, చెమట పట్టినా తెలీదు. ఎండకి క్లోరిన్ కూడా త్వరగా పోతుంది, మధ్యాహ్నం మళ్లీ టెస్ట్ చెయ్యాల్సిందే.