ఆన్‌కాల్ చేతులు మారే సోమవారం

సోమవారం, రాత్రి.

ఇవాళ సైట్ పడిపోలేదు, సెవ్ వన్ (అన్నిటికన్నా పెద్ద ప్రమాదం) అన్న మాటే వినపడలేదు. అయినా వారమంతా ఆన్‌కాల్‌లో, అంటే సైట్‌కి ఏ వేళ ఏమైనా ముందు లేచే వంతులో, ఉన్న పాత ప్రైమరీ కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి, కొత్త ప్రైమరీ మొహంలో అప్పుడే విసుగు మొదలైంది. ఆన్‌కాల్‌లో మనిషిని నంజుకు తినేది పెద్ద ప్రమాదం కాదు. అది వస్తే పదిమంది బ్రిడ్జ్ కాల్‌లోకి (అందరూ చేరే ఒకే ఫోన్ కాల్) వస్తారు, మర్నాడు మేనేజర్ కూడా కాస్త మెత్తగా మాట్లాడతాడు. తినేసేది తెల్లవారుజామున 3 గంటలకి మోగి, లేచి చూసేలోపు దానంతటదే పచ్చగా మారిపోయే అలర్ట్.

వంతు అప్పగించే హ్యాండోవర్‌కి అరగంట పెడతారు. చాలా టీముల్లో అది పది నిమిషాల్లో తేలిపోతుంది. "అన్నా, ఆ సీపీయూ అలర్ట్ పట్టించుకోకు, రోజూ వస్తది" అని చెప్పేసి లేస్తారు. రోజూ వచ్చేదాన్ని పట్టించుకోనక్కర్లేకపోతే అది ఎందుకుందో మాత్రం ఎవరూ అడగరు. పద్ధతిగా చెయ్యాలంటే వారంలో మోగిన ప్రతి పేజీనీ, అంటే ఫోన్‌కి వచ్చిన ప్రతి పిలుపునీ, వరసగా తెరవాలి. మోగినప్పుడు మనిషి ఏదైనా చేశాడా? చేసింది రన్‌బుక్‌లో, అంటే ఏ అలర్ట్‌కి ఏం చెయ్యాలో రాసుకున్న చోట, ఉందా? మొదటిదానికి జవాబు "చూసి మూసేశా" అయితే ఆ అలర్ట్‌ని తీసెయ్యాలి, లేదా పగటిపూట చూసుకునే టికెట్‌గా మార్చాలి.

తీసెయ్యడానికి చెయ్యి రాదు, అదే చిక్కు. పెట్టినవాడు ఎప్పుడో ఇంకో టీమ్‌కి వెళ్ళిపోయి ఉంటాడు, వాణ్ణి అడిగేవాళ్ళు లేరు. రేపు ఏదైనా జరిగితే మాట పడేది తీసేసినవాడే. అందుకే అలర్టులు పెరుగుతాయే గానీ తరగవు. పైగా ఈ శుభ్రం చేసే పని రివ్యూలో కనపడదు. చేసేవాళ్ళు ముందు వారానికి ఎన్ని పేజీలు మోగేవి, ఇప్పుడు ఎన్ని మోగుతున్నాయి అన్న రెండు అంకెలు రాసి పెట్టుకోవాలి. అవి లేకుండా "అలర్టులు మెరుగుపరిచాను" అంటే ప్రమోషన్ కమిటీలో ఎవరికీ ఎక్కదు.

సీపీయూ అలర్ట్ సంగతే చూద్దాం: "సీపీయూ 80 శాతం దాటి 5 నిమిషాలు". రాత్రి బ్యాచ్ జాబ్ నడిచినప్పుడల్లా అది మోగుతుంది, వాడేవాళ్ళకి మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. మనిషిని లేపాల్సింది ఫెయిలవుతున్న రిక్వెస్టుల్ని బట్టి. రిక్వెస్టుల్లో 99.9 శాతం సరిగ్గా పోవాలన్నది లక్ష్యం అనుకుంటే, 30 రోజుల్లో ఉన్న 43,200 నిమిషాల్లో మనకి వదులు 43.2 నిమిషాలే. ఎర్రర్లు 1.44 శాతానికి చేరితే ఆ వదులు 14.4 రెట్ల వేగంతో కరుగుతుంది, గంటలో నెల మొత్తం కోటాలో 2 శాతం పోతుంది. పేజర్ మోగాల్సిన హద్దు అది. గంట విండోకి (గడిచిన గంట లెక్కకి) తోడు 5 నిమిషాల విండో కూడా పెట్టి, రెండూ దాటితేనే మోగేలా చెయ్యాలి. గంట విండో ఒక్కటే ఉంటే సమస్య తీరిపోయాక కూడా చాలాసేపు ఎర్రగానే ఉంటుంది. ట్రాఫిక్ పలచగా ఉన్న వేళ గంటకి 20 రిక్వెస్టులొచ్చి ఒకటి తప్పితే అదే 5 శాతం అవుతుంది కాబట్టి, కనీసం ఇన్ని రిక్వెస్టులుంటేనే అన్న షరతు కూడా తగిలించాలి. ఈ షరతు మర్చిపోయిన అలర్టులే సగం నిద్రలు చెడగొడతాయి.

సర్వర్ తాను అసలైనదేనని చూపించుకునే సర్టిఫికెట్లకి మాత్రం ముందుగా మోగడమే మంచిది. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఆగిపోయింది గడువు తీరిన సర్టిఫికెట్ వల్లే. గడువు 30 రోజులుందనగా టికెట్, 7 రోజులుందనగా పేజ్ అనుకోండి. చెక్ చెయ్యాల్సింది డిస్క్ మీది ఫైల్‌ని కాదు, సర్వర్ బయటికి చూపిస్తున్న సర్టిఫికెట్‌ని. ఫైల్ రెన్యూ అయినా ప్రాసెస్ దాన్ని మళ్ళీ చదువుకోకపోతే పాతదే నడుస్తుంటుంది, డాష్‌బోర్డ్ మాత్రం అంతా బాగుందంటుంది.

ఇంకో పాత శత్రువు రిట్రై, అంటే తప్పిన రిక్వెస్టుని మళ్ళీ పంపడం. ఒకదాని కింద ఒకటి మూడు సర్వీసులుండి, ప్రతిదీ మొదటిది కాక మూడుసార్లు మళ్ళీ ప్రయత్నిస్తే, అడుగునున్న డేటాబేస్‌కి ఒక క్లిక్ 64 రిక్వెస్టులై తగులుతుంది. అసలే నీరసించినదాన్ని మనమే తొక్కేస్తాం. రిట్రై ఒక్క పొరలోనే ఉండాలి, మధ్య ఎడం పెరుగుతూ పోవాలి, అందరూ ఒకేసారి విరుచుకుపడకుండా ఆ ఎడంలో కాస్త యాదృచ్ఛికత కలపాలి.

కొత్త కోడ్ డిప్లాయ్ చేశాక గ్రాఫ్ వంగితే ముందు రోల్‌బ్యాక్ (పాత కోడ్‌కి తిరిగి వెళ్ళడం), తర్వాతే పరిశోధన. ఇది అందరికీ తెలుసు, అయినా "ఒక్క లైనే కదా, ఫిక్స్ పంపేద్దాం" అనేవాళ్ళు ప్రతి టీమ్‌లోనూ ఒకరుంటారు.

హైదరాబాద్, సియాటిల్ పంచుకునే షిఫ్టుల్లో గడియారం గొడవ ఒకటి. వేసవిలో మన రాత్రి 8:30 వాళ్ళకి ఉదయం 8. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పగానే అదే 8 మనకి 9:30 అవుతుంది. షెడ్యూల్ ఒకరి టైమ్ జోన్‌లో, క్యాలెండర్ ఇంకొకరి టైమ్ జోన్‌లో ఉంటే మధ్యలో ఒక గంట పేజర్ ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలియదు. ఆ వారం షెడ్యూల్ తెరిచి పేర్లు కళ్ళతో చూసుకోవాలి.

రన్‌బుక్ కాపీ ఒకటి కంపెనీ నెట్‌వర్క్ పోయినా తెరుచుకునే చోట ఉండాలి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు 6 గంటలు మాయమైనప్పుడు లోపలివాళ్ళు వాడే పనిముట్లు కూడా దాంతోపాటే పోయాయి.

ఇక ఫోన్. డూ నాట్ డిస్టర్బ్‌ని దాటే అనుమతి పేజర్ యాప్‌కి ఇచ్చారా, ఆండ్రాయిడ్ అయితే బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆ యాప్‌కి ఆపేశారా చూడాలి. లేకపోతే రాత్రి ఫోన్ దాన్ని నిద్రపుచ్చేస్తుంది, పేజ్ రెండో వంతులో ఉన్న సెకండరీకి వెళ్తుంది, అక్కణ్ణుంచి మేనేజర్‌కి. కొత్త ప్రైమరీ లేచి వెళ్ళేముందు టెస్ట్ పేజ్ ఒకటి పంపించి, ఫోన్ సైలెంట్‌లో ఉండగానే మోగిందో లేదో చూడాలి. ఇవాళ మొదటిసారి మోగలేదు. యాప్ అప్‌డేట్ అయ్యాక అనుమతులు పాత స్థితికి పోయాయట.