అక్క హత్య కేసు ఒక కోర్టులో, అక్క పిల్లల కేసు ఇంకో కోర్టులో: నా అనుభవం

మా అక్కను మా బావే చంపినాడు. 2024 చివర్లో, అనంతపురంలో వాళ్లు బాడుగకుండే ఇంట్లోనే. ఎట్ల జరిగింది ఏంది అనేది రాయను, ఆ కేసు సెషన్స్ కోర్టులో నడస్తా ఉంది, పైగా రేపు పెద్దయినాక పిల్లలు ఇది చదవొచ్చు. నేను చెప్పేది ఆ తర్వాత పిల్లలిద్దరూ ఎవరి దగ్గర ఉండాల అని మాకూ, బావ వాళ్ల అమ్మానాయనలకూ నడిచిన కేసు సంగతి. ఇట్లాంటి ఇంట్లో ఉండేవాళ్లకు ఎవరూ వరసగా చెప్పరు, మాకూ ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

పాపకు అప్పుడు ఎనిమిదేళ్లు, పిల్లోనికి నాలుగు. దినాలు కూడా కాకముందే వాళ్ల జేజి (బావ వాళ్లమ్మ) పిల్లోన్ని ఎత్తుకొని ప్రొద్దుటూరు పోయింది. పాప మాత్రం మా అమ్మ కొంగు ఇడవలేదు కాబట్టి మా దగ్గర ఉండిపోయింది. ఊర్లో అందరూ వరకట్నం చావు కేసు పెట్టండప్పా అని ఒకటే పోరు, కానీ దానికి పెళ్లయి ఏడేళ్ల లోపల ఉండాల, అక్క పెళ్లయి పదేళ్లు దాటింది. పోలీసులు బీఎన్ఎస్ (కొత్త నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత) 103 కింద హత్య, 85 కింద వేధింపులు పెట్టినారు. ఇప్పటికీ అందరూ పాత ఐపీసీ 302 అనే అంటారు గానీ 2024 జులై 1 నుంచి జరిగినవాటికి 103 నే. పాప వాంగ్మూలం కోసం స్టేషన్‌కి తీసుకురమ్మని ఒక కానిస్టేబుల్ ఫోన్ చేస్తే మా వకీలు మేడమ్ వెంటనే ఆపింది, ఆడపిల్లను స్టేషన్‌కి పిలవకూడదు, ఇంటికే వచ్చి రాసుకోవాల అని. వాళ్లు కూడా ఏమీ అనకుండా ఇంటికే వచ్చినారు. తర్వాత మేజిస్ట్రేట్ గారి ముందర ఇంకోసారి చెప్పింది.

ఇంక అసలు విషయం. తండ్రి హత్య కేసులో లోపల ఉంటే పిల్లలు వాటంతట అవే అమ్మ తరఫుకు వస్తారు అని అందరూ అనుకుంటారు. అట్ల ఏం రారు. క్రిమినల్ కోర్టు పిల్లల జోలికి పోదు, దానికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేరే పిటిషన్ వేయాల, జీడబ్ల్యూఓపీ అంటారు. 1956 చట్టం ప్రకారం హిందువుల్లో సహజ గార్డియన్ తండ్రే. 1890 చట్టం 19వ సెక్షన్ ఏమంటుందంటే తండ్రి బతికుంటే, ఆయన తగడు అని కోర్టుకు అనిపిస్తే తప్ప ఇంకొకర్ని గార్డియన్‌గా పెట్టకూడదు. అవతలి వకీలు పట్టుకున్నది సరిగ్గా ఇదే. మా క్లయింట్ మీద ఇంకా నేరం రుజువు కాలేదు, ఆయనే జైల్లోంచి మా అమ్మానాయన దగ్గర పెట్టండి అని రాసిచ్చినాడు, మధ్యలో మేనమామ ఎవరు అని.

మేడమ్ దీనికి రెండు సుప్రీంకోర్టు తీర్పులు తీసింది. ఒకటి 1992 ది, కీర్తికుమార్ జోషి కేసు, అందులో తల్లి అనుమానాస్పదంగా చనిపోతే, తండ్రి మీద వేధింపుల కేసు ఇంకా నడస్తా ఉండగానే పిల్లల్ని మేనమామకే ఇచ్చినారు. రెండోది 2008 ది, నీల్ రతన్ కుందూ కేసు, అమ్మమ్మ తాతలది. తండ్రి మీద క్రిమినల్ కేసు ఉంటే అది తేలేదాకా మాకు సంబంధం లేదు అని కోర్టు పక్కన పెట్టేదానికి లేదు, పిల్లోని బాగు చూసేటప్పుడు దాన్నీ చూడాల్సిందే అని అందులో ఉంది. మామూలు మనిషిని, నాకు సెక్షన్లు ఏం తెలుసు, కానీ ఆ 1992 తీర్పు జెరాక్స్ మాత్రం ఇప్పటికీ బీరువాలో దాచిపెట్టుకున్నా.

పిటిషన్ మా అమ్మ పేరు మీద, నా పేరు మీద కలిపి వేసినాం. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తారు, ఇది చానామందికి తెలీదు. మా మేడమ్ అట్ల వచ్చిన మనిషే, ఫీజు తీసుకునే వకీళ్ల కంటే ఎక్కువ తిరిగింది. మా చిన్నాయన హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమంగా పెట్టుకున్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించే పిటిషన్) వేద్దాం, వారంలో పిల్లోడు వస్తాడు అని ఒకటే పట్టు. పిల్లోడు ఉండేది సొంత జేజి దగ్గర, దాన్ని అక్రమ నిర్బంధం అని చూపించడం కష్టం, అక్కడికి పోయినా గార్డియన్ కోర్టుకే పొమ్మంటే ఉన్న టైము కూడా పోతుంది అని మేడమ్ ఒప్పుకోలేదు. వాళ్లేమో పిల్లోడు ప్రొద్దుటూరులో ఉండాడు కాబట్టి అనంతపురం కోర్టుకు సంబంధం లేదన్నారు. చట్టంలో పిల్లలు మామూలుగా నివాసం ఉండే చోటు అని ఉంది, ఎత్తుకుపోయి పెట్టిన చోటు అని లేదు. అంగన్‌వాడీ రిజిస్టర్, టీకాల కార్డు, ఇంటి ఓనరు అఫిడవిట్ పెడితే ఆ వాదన అక్కడికి అయిపోయింది.

పాపను కొత్త స్కూల్లో చేర్చేదానికి పోతే టీసీ మీద తండ్రి సంతకం కావాలన్నారు పాత స్కూల్లో. తండ్రి యాడున్నాడో వాళ్లకు బాగా తెలుసు. ప్రభుత్వ బడిలో అయితే టీసీ లేదని చేర్చుకోకుండా ఉండకూడదు, 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, అట్ల మున్సిపల్ స్కూల్లో వేసినాం.

కేసు మధ్యలో తాడిపత్రిలో పంచాయతీ పెట్టినారు. రెండు పక్కల పెద్దమనుషులు, మధ్యలో టీలు, మిక్చరు. విషయం ఏందంటే పాప కోర్టులో నాకేం తెలీదు అని చెప్తే చాలంట, పిల్లోన్ని మాకు పంపించేస్తారంట, ఇద్దరి పేరున మూడెకరాల చేను రాసిస్తారంట. మా వైపు నుంచి వచ్చిన ఒకాయన కూడా పోయినోళ్లు రారు కదా నాయనా, పిల్లల బతుకు చూడు అన్నాడు. మా అమ్మ అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. లేచి, "నా కూతురు ఎకరా ఎంతకు పోయిందబ్బా?" అని అడిగి బయటికి వచ్చేసింది. నేను కూడా లేచినా. హత్య కేసు రాజీ పడే కేసు కాదు, కాగితం రాసుకున్నా అది చెల్లదు, కేసు నడిపేది ప్రభుత్వం. వాళ్లకు కావాల్సింది రాజీ కూడా కాదు, సాక్షి మాట మారాల, దానికి నాలుగేళ్ల పిల్లోన్ని అడ్డం పెట్టినారు. ఆ రోజు నుంచి నాకు వాళ్ల మీద మిగిలిన కాస్త గౌరవం కూడా పోయింది. జేజి సంగతి వేరే, దాని గురించి చెప్తా.

ఆ తర్వాత వాళ్ల వకీలు ప్లేటు తిప్పేసినాడు. పాప వీళ్ల దగ్గరే ఉంది, వీళ్లే నేర్పించి చెప్పిస్తున్నారు అని. ఇది రెండు కేసులకూ తగిలే మాట, పిల్లల కేసులో మనం చెడ్డ అవుతాం, హత్య కేసులో సాక్ష్యం చెడుతుంది. మేడమ్ ఒకటే రూలు పెట్టింది, ఇంట్లో ఆ రాత్రి గురించి ఎవరూ పాపను అడగొద్దు, పాప అంతట అది చెప్తే వినండి, మీరు ఒక్క మాట కలపొద్దు, జిల్లా బాలల సంరక్షణ విభాగం కౌన్సెలర్ దగ్గరకే తీసుకుపోండి అని. చుట్టాలకు చెప్తే వింటారా, ప్రతి ఒక్కరూ వచ్చి పాప తల నిమిరి "ఏం చూసినావమ్మా" అని అడిగేవాళ్లే. మా ఆవిడ చివరికి ఎవరొచ్చినా పాపను మేడ మీదికి పంపించేది.

మధ్యంతర ఉత్తర్వులో రెండు పక్కలా పిల్లల్ని కోర్టు ఆవరణలో చూసుకోమన్నారు. మొదటిసారి జేజి స్టీలు డబ్బాలో చెనిక్కాయ ఉండలు తెచ్చింది, డబ్బా మూత రాక పైటచెంగుతో పట్టి తిప్పుతా ఉంటే పాప పోయి తీసిచ్చింది. పిల్లోడు అక్కను చూసి గుర్తుపట్టి కూడా దగ్గరికి రాలేదు, జేజిని "అమ్మా" అని పిలిచి దాక్కున్నాడు. నాకు కడుపులో దేవినట్లయింది. కానీ ఒకటి ఒప్పుకోవాల, పిల్లోడు శుభ్రంగా ఉన్నాడు, తల దువ్వి, గోర్లు తీసి. ఆ ముసలామె కొడుకును సాకినట్లే సాకింది, నాకు నచ్చినా నచ్చకపోయినా.

జడ్జి గారు పాపతో ఛాంబర్‌లో ఒంటరిగా మాట్లాడినారు, ఏం మాట్లాడినారో నాకు తెలీదు, అడగలేదు. మా ఆవిడను బోనులో నిలబెట్టి అవతలి వకీలు "మీకే ఇద్దరున్నారు, ఇంకో ఇద్దర్ని ఎట్ల చూస్తావమ్మా" అంటే "ఉగ్గానికి బొరుగులు ఇంకో రెండు గుప్పిళ్లు ఎక్కువ నానబెడతా సార్" అనింది. కోర్టులో నవ్వినారు, జడ్జి గారు కూడా. నా వరకు ఆ కేసు అక్కడే గెలిచినాం.

ఆర్డర్ ఇద్దర్నీ మాకే ఇచ్చింది. అక్కాతమ్ముళ్లను విడదీయకూడదు, తండ్రి మీద అభియోగం తల్లిని చంపినట్లు, పాప సాక్షి, కాబట్టి ఆ ఇంట్లో పెట్టలేం అనే కారణాలు. నెలకు రెండు శనివారాలు జేజి వచ్చి చూసుకోవచ్చు, అయితే జైలుకు తీసుకుపోకూడదు, తండ్రితో ఫోన్ కలపకూడదు. మొదట నాకు మండింది ఎందుకీ శనివారాలు అని. ఇప్పుడు పిల్లోడే శుక్రవారం నుంచి అడుగుతాడు జేజి వస్తుందా మామా అని, రానీలే అనుకున్నా.

ఆర్డర్ వచ్చినాక సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి, ఆధార్‌కి, బ్యాంకుకు, స్కూలుకు అన్నిటికీ అదే. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద ఒక్కో పిల్లకు నెలకు 4,000 వస్తుంది, బాలల సంరక్షణ విభాగంలో అప్లై చేయాల, ఆదాయ పరిమితి ఉంది. బాధితుల పరిహారానికి మళ్లీ న్యాయ సేవాధికార సంస్థలోనే. అక్క పేరు మీద ఒక ఇంటి స్థలం ఉంది, హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం చంపినవానికి చచ్చినవాళ్ల ఆస్తిలో వారసత్వం ఉండదు, అది పిల్లలదే, కానీ నేను అమ్మాలన్నా కోర్టు పర్మిషన్ కావాల. అమ్మే పని లేదు, కంప చెట్లు పెరక్కుండా చూస్తే చాలు.

ఇప్పుడు సెషన్స్ కోర్టు నుంచి పాపకు సమన్లు వచ్చినాయి. బోనులో వాళ్ల నాయన కనపడకుండా వేరే గదిలోంచి చెప్పించేదానికి పిటిషన్ వేయమని పీపీ గారిని (ప్రభుత్వ వకీలును) అడిగినాం. తేదీ సరిగ్గా క్వార్టర్లీ పరీక్షల వారంలో పడింది, లెక్కల పరీక్ష పోతుందని పాప గోల. కోర్టు తేదీని ఇంకో వారం జరపమని మెమో కూడా ఇచ్చినాం, సోమవారం చెప్తామన్నారు.