అమ్మమ్మ బొమ్మలు ఎవరు చేసినవో

అమ్మమ్మ షోకేస్‌లోని బొమ్మలు ఇప్పుడు మా ఇంటికొచ్చాయి, అడుగున పేరూ ముద్రా ఏం లేవు, అయినా చేతిలోకి తీసుకుని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అంబారీ ఏనుగు పెద్దదే గానీ ఎత్తితే బరువే ఉండదు, తెల్ల పొణికి కర్ర, కొండపల్లి పని. తొండం దగ్గర రంగు పెచ్చు లేచినచోట అతుకు కనిపిస్తోంది, విడిగా చెక్కిన ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు కదా, అదే. నిర్మల్ వాళ్ళూ పొణికే వాడతారు కాబట్టి కర్ర ఒక్కటే చూసి తేల్చేయకూడదు. నున్నటి చిలకేమో ఏటికొప్పాక, అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క పట్టిస్తారు, కుంచె గీతలుండవు.

నాకు ప్రాణం మాత్రం ఆ ఇత్తడి ఎద్దు. ఒంటినిండా దారం చుట్టినట్టు సన్నటి గీతలు, మైనం తీగల గుర్తులవి, పొట్టలో కాలిన మట్టి కూడా ఇంకా ఉంది. మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసే ఈ పనినే డోక్రా అంటారు. డోక్రా ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లోనూ చేస్తారు గానీ అమ్మమ్మ వాళ్ళది ఆసిఫాబాద్ వైపు, అందుకే ఇది ఆదిలాబాద్‌లో ఈ పోతపని చేసే ఓజా కులంవాళ్ళదే అనుకుంటున్నా, వాళ్ళ పనికి 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. పోత పోశాక అచ్చు పగలగొడతారు, అందుకే దీనికి జోడీ ఎక్కడా దొరకదు. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే దయచేసి చింతపండు పెట్టి తోమకండి, మెత్తటి పొడి గుడ్డతో తుడవండి చాలు.