మా అమ్మాయితో రోడ్ సైక్లింగ్ మొదలుపెట్టిన ఏడాది

మా అమ్మాయికి ఇప్పుడు 15 ఏళ్లు. నేను చాలా ఏళ్లుగా రోడ్ బైక్, అంటే సన్న టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉండే సైకిల్ తొక్కుతున్నాను. పోయినేడాది తనంతట తనే "నేనూ వస్తా నాన్నా" అంది, ఆ రోజు నా ఆనందానికి హద్దు లేదు. ఆ ఆనందంలోనే మొదటి తప్పు చేశాను. ఎదిగే పిల్ల కదా, రెండేళ్లు వస్తుందని ఒక సైజు పెద్ద సైకిల్ తీసుకున్నాను. బట్టలైతే కాస్త వదులుగా ఉన్నా సరిపెట్టుకోవచ్చు, సైకిల్ అలా కుదరదు. హ్యాండిల్ అందడానికి చేతులు బారచాచి, మోచేతులు బిగబట్టి కూర్చునేది. ఎనిమిది కిలోమీటర్లు వెళ్లేసరికి మెడ నొప్పి, అరచేతులు తిమ్మిరి. అలవాటు లేక అలా ఉంటుందిలే అన్నాను, ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాను. చివరికి ఒక మెకానిక్ తనని సైకిల్ మీద కూర్చోబెట్టి చూసి, ఫ్రేమ్ పెద్దదైంది సార్ అని తేల్చేశాడు. మార్చేశాం, నొప్పులు పోయాయి.

సీటు ఎత్తు మాత్రం ఇంట్లోనే చూసుకున్నాం. తను గోడ పట్టుకుని కూర్చుని, పెడల్ కిందికి తెచ్చి, దాని మీద మడమ పెట్టింది. అప్పుడు కాలు నిటారుగా ఉండాలి. అదే పెడల్ మీద పాదం ముందు భాగం పెడితే మోకాలు కొద్దిగా వంగుతుంది, తొక్కడానికి కావలసింది ఆ వంపే. సీటు పోస్టుకి ఆ ఎత్తులో నల్ల టేపు ఒక చుట్టు చుట్టాను. ఈ వయసు పిల్లలు ఎంత త్వరగా పొడుగవుతారో ఆ టేపు చూస్తేనే తెలిసింది, ఏడాదిలో మూడుసార్లు మార్చాను.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. పల్లంలో దిగేటప్పుడు తను బాగా టెన్షన్ పడేది. "భయపడకమ్మా, హ్యాండిల్ కింది వంపు పట్టుకో, బ్రేక్ మీద పట్టు బాగా దొరుకుతుంది" అని వెనక నుంచి చెబుతూనే ఉండేవాణ్ణి. ఒక ఆదివారం సైకిల్ కడుగుతూ, ఒకసారి పట్టుకుని చూపించు అన్నాను. చూపించింది. చూపుడు వేలి కొస బ్రేక్ లివర్‌ని తాకుతోందంతే, వేలు దాని చుట్టూ తిరగడం లేదు. నా చేతికి సరిపోయే దూరం తన చేతికి ఎక్కువ. చాలా లివర్లకి ఈ దూరం తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది, రబ్బరు తొడుగు దగ్గరో లోపలి వైపో. అలెన్ కీతో కొంచెం కొంచెంగా తిప్పుతుంటే లివర్ దగ్గరికి వచ్చింది, వేలి మొదటి కణుపు దాని మీద సరిగ్గా కూర్చుంది. "ఇదేంటి నాన్నా, ఇంత ఈజీగా ఉంది" అంది. అన్ని వారాలు నేను భయం అనుకున్నది అసలు భయమే కాదు, బ్రేక్ అందకపోవడం. అప్పటినుంచి తను ఏదైనా రావడం లేదంటే ముందు సైకిల్ వంక చూస్తున్నాను.

గేర్ల దగ్గర మాత్రం వాదన జరిగింది. బరువు గేరులో, అంటే పెడల్ ఒక చుట్టుకే సైకిల్ ఎక్కువ దూరం పోయి, తొక్కడం కష్టమయ్యే గేరులో తొక్కితేనే బలం ఉన్నట్టు అని తన నమ్మకం, నిమిషానికి పెడల్ 55, 60 చుట్లు, మోకాళ్ల మీద భారమంతా. నేను 80, 90 మధ్య తిప్పమంటే అది చిన్నపిల్లల తొక్కుడు అనేది. అప్పుడు తనకో సంగతి చెప్పాను: అంతర్జాతీయ జూనియర్ రోడ్డు రేసుల్లో చాలా ఏళ్లపాటు గేరుకి పరిమితి ఉండేది, పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 7.93 మీటర్లకు మించి వెళ్లకూడదు, 2023లో ఆ నిబంధన తీసేశారు. అంటే 17, 18 ఏళ్ల రేసర్లు కూడా తేలిక గేరులో వేగంగా తిప్పడం నేర్చుకునే పైకి వచ్చారన్నమాట. అది బాగా ఎక్కింది. 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొస్తుందో తనే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది, 20 దాటితే సరే.

రోడ్డు మీదికి మాత్రం తొందరపడలేదు. బండ్లు తిరగని ఖాళీ చోట నెలరోజులు. నేను వెనక వస్తూ వేళ్లు చూపిస్తే, తను భుజం మీదుగా తిరిగి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి, సైకిల్ మాత్రం గీత తప్పకూడదు. మొదట్లో తల ఎటు తిరిగితే సైకిల్ అటే పోయేది. ఒంటిచేత్తో తొక్కడం, గుంత వస్తే ఆ వైపు చెయ్యి కిందికి చాచి వెనకవాళ్లకి చూపించడం, నా వెనక చక్రానికి తన ముందు చక్రం పక్కగా రాకుండా చూసుకోవడం, ఇవన్నీ అక్కడే. చక్రాలు తగిలితే ఎక్కువగా పడేది వెనకవాళ్లే.

మొదటి పెద్ద ఎత్తు దగ్గర నేను ముందు ఎక్కేసి పైన ఆగాను, నన్ను చూస్తే ఉత్సాహం వస్తుందనుకున్నాను. పైకొచ్చిన పిల్ల కళ్లలో నీళ్లు. "నువ్వు అలా వెళ్లిపోతే నీ రైడ్ నేను పాడుచేస్తున్నట్టుంది నాన్నా" అంది. నోట మాట రాలేదు. ఆ రోజు నుంచి ఎత్తుల్లో నేను తన వెనకే ఉంటాను, వేగం తనది, ఆగాలో వద్దో కూడా తనదే నిర్ణయం. తన ఊపిరి వినబడేంత దూరంలో మాట్లాడకుండా వస్తాను. అలా మొదలుపెట్టాకే "ఇంకో ఐదు కిలోమీటర్లు" అనడం తన నోట విన్నాను.

పోయిన వారం 40 కిలోమీటర్లు తొక్కాం. సగం నుంచి తనే ముందు. ఒకచోట వెనక్కి చూడకుండానే చెయ్యి కిందికి చాచి గుంత చూపించింది, నేను పక్కకి తప్పుకున్నాను. ఇంటికొచ్చాక సైకిల్ తుడుస్తూ, సీటు మళ్లీ కిందికి అనిపిస్తోంది, చూడవా అంది. అలెన్ కీ తెచ్చి టేపు విప్పాను.