పిల్లలమర్రి కింద ఒక పూట

మహబూబ్‌నగర్ ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోతే పిల్లలమర్రి. 40 మంది బడిపిల్లలతో పొద్దున 9 గంటలకల్లా చేరుకున్నాం. ఆలస్యమైతే ఎండ ముదురుతుంది, పిల్లల కళ్లు పక్కనున్న జింకల పార్కు మీదికి పోతాయి. అందుకే జింకలు, మ్యూజియం ఆఖర్న పెట్టుకున్నాం.

దూరం నుంచి చూస్తే పచ్చటి గుట్ట. దగ్గరికి పోతే దాదాపు 3 ఎకరాల్లో ఊడలే మానులై నిలబడ్డ ఒకే మర్రి. 700 ఏళ్లదని చెప్పుకుంటారు. తల్లి మాను ఏదో వెతకమంటే పిల్లలు తలా ఒకటి చూపించారు.

"సార్, చెట్టుకు సెలైన్ ఎందుకు ఎక్కించిండ్రు?" ఈ ప్రశ్న వస్తే సగం పాఠం అయిపోయినట్టే. చెద తొలిచి కొమ్మలు విరిగిపడటంతో 2017 డిసెంబరులో సందర్శకులను ఆపేశారు. మొదట మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికే కారిపోయింది. 2018లో పలుచన చేసిన క్లోరోపైరిఫాస్ పురుగుమందును సెలైన్ సీసాల్లో నింపి, కొమ్మలకు వేలాడదీసి, చుక్కచుక్కగా ఎక్కించారు. వేళ్లకూ అదే మందునీళ్లు పోశారు. వాలిన కొమ్మల కింద సిమెంటు ఊతలు కట్టారు. పత్తి చేలో అయ్య కొట్టే మందు పేరు వినేసరికి పిల్లలు చెవులు రిక్కించారు.

మరి ఇంత చెట్టుకు చెద ఎలా పట్టింది? కొమ్మలు పట్టుకుని ఊగినా, బెరడు మీద పేర్లు చెక్కినా గాయమవుతుంది. గాయంలో వాననీరు నిలిస్తే చెక్క పుచ్చుతుంది. చెద చాలావరకు పుచ్చిన చోటు నుంచే లోపలికి దారి చేసుకుంటుంది. ఈ వరస చెప్పాక కంచె ఎందుకుందో విడిగా చెప్పే పని పడలేదు. 'చెట్లను కాపాడండి' బోర్డులు వంద పెట్టినా ఇంత పని చేయవు. పైగా ఆ బోర్డులను మేకులతో చెట్లకే కొడతారు!

మధ్యాహ్నం, కంచెకు బాగా ఎడంగా, జనం తొక్కే బాట పక్కన ఒక చిన్న పరీక్ష. రెండు వైపులా కోసిన కిలో డబ్బాను నేలలోకి 2 అంగుళాలు దించి, లీటరు నీళ్లు పోసి, ఇంకడానికెంతసేపో చూడాలి. తర్వాత ఎవరూ తొక్కని, ఆకులు రాలిన చోట అదే చేయాలి. తొక్కుడు నేలలో నీళ్లు చాలాసేపు నిలుస్తాయి. అక్కడ వేరుకు గాలీ ఆడదు. ఒక జట్టు డబ్బాను పైపైనే ఆనించడంతో నీళ్లు పక్కలకు జారిపోయాయి. రెండు చోట్లా ఒకటే లెక్క వచ్చింది. అంచు చుట్టూ తడిమట్టి అదిమి మళ్లీ పోయించాం. తొందరలో ఈ తప్పు ఎప్పుడూ జరిగేదే.

తిరుగు దారిలో మాట ఊరి గద్దె దగ్గరి మర్రి మీదికి మళ్లింది. తలకు తగులుతున్నాయని ఊడల కొసలు కొట్టేస్తారు. ఊడ నేల తాకకపోతే బరువెక్కే కొమ్మకు ఊత లేదు. ఊడను నేలదాకా దించాలంటే, నిలువునా చీల్చిన పీవీసీ పైపులో మట్టి, మాగిన ఎరువు సగం సగం కలిపి, ఊడ కొసను అందులో ఉంచి కట్టాలి. ఎండాకాలం తడి ఆరనీయొద్దు. పైపు కింది కొస నేలకు ఆని, తెరిచే ఉండాలి. మూస్తే నీళ్లు నిలిచి లేత వేరు కుళ్లుతుంది.