పూచీ పడినవారు

బస్సులకు బాడీ కట్టే విజయవాడ ఆటోనగర్ షెడ్డులో మా చర్చి ద్వారా పనికి కుదిరిన ఒక అన్నను ఈ వారం కలిశాను. తాగుడు మానినవారికి పని చూపించడం కన్నా ఆ పనిలో నిలబెట్టడమే కష్టమని మా సంఘ పెద్దలు గ్రహించి, ఆధార్‌లో చిరునామా మార్పించి, బ్యాంకు ఖాతా తెరిపించి, యజమానికి తామే పూచీ పడి, తొలి జీతం అందేదాకా బియ్యం, ఇంటి అద్దె కూడా చూసుకున్నారు. ప్రార్థన చేసి పంపేయడం తేలిక (ఈ మాట మా పాస్టరుగారిదే). పీఎఫ్‌ (భవిష్య నిధి)కు 12 శాతం, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా)కి 0.75 శాతం కోత పడిన జీతం చీటీని ఆ అన్న మడత విప్పి, గ్రీజు అంటిన వేలితో ఆ అంకెలను చూపిస్తూ, "కోత పడిందని సంతోషించేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో తమ్ముడూ" అన్నారు. రోజుకూలీగా గడిపిన ఏళ్లలో ఆయన పేరు ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు. పుట్టింట్లో ఉంటున్న భార్యాపిల్లలను తీసుకురావడానికి వచ్చే నెల గుంటూరు వెళ్తున్నారు.